పూజ గదిలో కాటన్ దొర

పోయిన వారం గోదావరి వీడియో చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, చివర్లో ధవళేశ్వరం ఆనకట్ట మీద ఒక్క నిమిషం మాట్లాడి వదిలేశాం. స్క్రిప్ట్‌లో నేను రాసింది అంతకన్నా చాలా ఎక్కువ. కట్ చేయమని నేనే చెప్పాను, ఎందుకంటే ఒక నిమిషంలో చెప్తే అబద్ధం అయిపోయే విషయం అది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకోండి.

మాది గణపవరం. ఉద్యోగం హైదరాబాద్‌లో, సంక్రాంతికి మాత్రం ఊరికి వెళ్ళకుండా ఉండను. మా ఇంట్లో పూజ గది అంటే పెద్ద గదేం కాదు, గోడలో ఒక గూడు, దాని కింద రెండు అరలు. వెంకటేశ్వర స్వామి, లక్ష్మీదేవి, ద్వారకా తిరుమల నుంచి తెచ్చిన చిన్న పటం, వాటి పక్కన తెల్ల మీసాలున్న ఒక తెల్లాయన ఫొటో. చిన్నప్పుడు ఆయన కూడా ఏదో దేవుడే అనుకునేదాన్ని. తాతయ్య ఎప్పుడో ధవళేశ్వరం వెళ్ళినప్పుడు కొని ఫ్రేము కట్టించి తెచ్చారట. సర్ ఆర్థర్ కాటన్. కాలవలకి నీళ్ళు వదిలే రోజు మామ్మ ఆయనకి కూడా బొట్టు పెట్టేది. గోదావరి జిల్లాల్లో సంకల్పంలో ఆయన పేరు కలిపి చెప్పే పురోహితులు ఉన్నారని మీరూ వినే ఉంటారు.

ఈ సంక్రాంతికి బాబాయిగారి అబ్బాయి, అంటే నాకు తమ్ముడు, ఆ ఫొటో తీసి బీరువా మీద పెట్టేశాడు. కాటన్ మత ప్రచారకుడనీ, మతం మార్చడానికి వచ్చినవాళ్ళకి అండగా నిలిచాడనీ, అలాంటివాడికి దేవుడి గూట్లో చోటేంటనీ వాడి వాదన. మామ్మ మొహం మాడిపోయింది. నాన్న ఎటూ తేల్చలేదు. భోగి రోజు పొద్దున్నే మా ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడుకోలేదు.

నాకు కోపం వచ్చింది కానీ, వాడు చెప్పింది తప్పని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తిరిగొచ్చాక కూర్చుని చదివాను. ఇప్పుడు చెప్తున్నాను, వాడు చెప్పిన దాంట్లో నిజం ఉంది. కానీ అది సగమే.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండ్‌లో పుట్టాడు. ఇంటినిండా మగపిల్లలు, ఈయన పదోవాడు. అడిస్కాంబ్‌లో ఈస్టిండియా కంపెనీ సైనిక విద్యాలయంలో చదివి, పద్దెనిమిదేళ్ళకి, 1821లో మద్రాసులో దిగాడు. మద్రాస్ ఇంజనీర్స్‌లో ఉద్యోగం. మొదటి బర్మా యుద్ధానికీ వెళ్ళొచ్చాడు. ఆ తర్వాత కావేరి పనుల మీద వేశారు. అక్కడ ఆయనకి దొరికిన గురువు చోళులు. ఇసుక మీద, అడుగున గట్టి రాయి తగలని చోట, కట్టడం ఎలా నిలుస్తుందో కల్లణై చూసి నేర్చుకున్నానని ఆయన దాచుకోకుండా చెప్పుకున్నాడు. కొల్లిడం మీద 1836లో కట్టిన ఆనకట్టలకి ఆ పాఠమే ఆధారం. ధవళేశ్వరానికీ అదే. మన గోదావరి ఆనకట్ట వంశవృక్షంలో మూలపురుషుడు కరికాల చోళుడన్నమాట. ఇది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు, తమ్ముడికి అర్ధరాత్రి మెసేజ్ పెట్టాను.

ఇక మతం సంగతి. యువకుడిగా ఇండియాలో ఉండగానే కాటన్ గట్టి ఎవాంజెలికల్ అయ్యాడు. ఈ మాటకి అర్థం తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. పుట్టుకతో క్రైస్తవుడైతే సరిపోదు, మనిషి లోపల మారాలి, బైబిలే చివరి ప్రమాణం, ఆ సువార్తను ఊరూరా చేర్చడం ప్రతి విశ్వాసి బాధ్యత. ఇదీ టూకీగా ఎవాంజెలికల్ పద్ధతి. ఇంగ్లండ్‌లో బానిస వ్యాపారం మీద పోరాడినవాళ్ళలో ముందున్నది వీళ్ళే. ఇండియాలో మిషనరీలకి తలుపులు తెరవాలని 1813లో పార్లమెంటు మీద ఒత్తిడి తెచ్చిందీ వీళ్ళే. భారతదేశాన్ని ఇంగ్లండ్ చేతిలో దేవుడే పెట్టాడని ఆ తరం ఎవాంజెలికల్స్ నమ్మేవాళ్ళు. కాటన్ దానికి మినహాయింపు కాదు.

కానీ దేవుడు అప్పగించాడు అనే మాటకి రెండు అర్థాలు తీయొచ్చు. అప్పగించినదానికి నేను లెక్క చెప్పాలి అనేది ఒకటి. అప్పగించాడు కాబట్టి ఇది నాది, నన్ను అడిగేవాడెవడు అనేది రెండోది. ఈ రెండూ ఒకే ప్రార్థనలోంచి పుట్టగలవు. నేను చదివినదంతా నాకు చివరికి ఇక్కడికే తెచ్చింది.

కాటన్ గోదావరికి వచ్చేనాటికి మన ప్రాంతం ఎలా ఉందో ఊహించుకోవడం కష్టం. ఇప్పుడు తాడేపల్లిగూడెం నుంచి మా ఊరు వస్తుంటే రెండు పక్కలా వరి, కొల్లేటి వైపు వెళ్తే చేపల చెరువులు, నీళ్ళు లేని జాగా అంటూ కనపడదు. అప్పుడు నది నిండుగా పారుతుంటే పొలం ఎండేది. 1832-33లో నందన కరువు. గుంటూరు వైపు లక్షకు పైగా జనం పోయారు, మన వైపు కూడా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1839లో కోరంగి దగ్గర ఉప్పెన. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షలు దాటి ఉంటే, రెండు దశాబ్దాల తర్వాత 6 లక్షల లోపుకి పడిపోయింది. పిల్లల్ని అమ్ముకున్న కాలం అది. కంపెనీ మాత్రం శిస్తు ఎందుకు తగ్గిందా అని విచారణ వేసింది.

కాటన్ మధ్యలో ఆరోగ్యం పాడై సెలవు మీద టాస్మానియా వెళ్ళి, 1841లో అక్కడే ఎలిజబెత్ లియర్‌మంత్‌ని పెళ్ళి చేసుకుని, తిరిగొచ్చాడు. నదిని చూసి 1840ల మధ్యలో తన నివేదికలు పంపాడు. నీళ్ళు కరువుకి మందు అన్నది ఒక వాదన, నీళ్ళిస్తే కంపెనీకి శిస్తు పెరుగుతుందన్నది ఇంకో వాదన. రెండోది లేకపోతే మొదటిదాన్ని ఎవరూ వినరని ఆయనకి తెలుసు. 1846 చివర్లో అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది. అడిగిన సిబ్బందిలో ఆయనకి దక్కింది చిన్న ముక్క. ప్రాజెక్ట్ మొదలుపెట్టాక మనుషుల్ని తర్వాత ఇస్తాం అనే మేనేజర్లు అప్పుడూ ఉన్నారని చదివి నవ్వుకున్నాను.

నది అక్కడ లంకల వల్ల నాలుగు పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు చోట్ల నాలుగు కట్టలు. రాతికట్టు మొత్తం కలిపి మూడున్నర కిలోమీటర్ల పైన, ఎత్తు 12 అడుగులు. అడుగున ఉన్నది ఇసుకే. ధవళేశ్వరం కొండ పగలగొట్టి, పట్టాల మీద బండ్లు నడిపి, పడవల మీద రాయి తోలారు. వేల మంది కూలీలు. వాళ్ళని కూడగట్టి పని నడిపించిన వీణం వీరన్నగారి పేరు మనం ఇంకా గట్టిగా చెప్పుకోవాలి, రాయ్ బహదూర్ బిరుదు ఊరికే రాలేదు ఆయనకి. ఎండదెబ్బకి కాటన్ మధ్యలో మంచాన పడి దేశం దాటాల్సి వచ్చింది, ఆర్ అనే కెప్టెన్ పని ఆపకుండా చూశాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ తర్వాతది, 1980ల్లో పూర్తయింది. విజ్జేశ్వరం వైపు నుంచి బయల్దేరిన నీళ్ళే మా వైపు కాలవల్లోకి వస్తాయి. ఏలూరు కాలవ గోదావరిని కృష్ణ కాలవతో కలిపింది కాబట్టి, ఒకప్పుడు కాకినాడలో పడవెక్కినవాడు ఏలూరు మీదుగా మద్రాసు దాకా నీళ్ళ మీదే పోగలిగేవాడు.

ఇప్పుడు తమ్ముడి సగం నిజం. 1836లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు సామాన్య మిషనరీలు నర్సాపురం, పాలకొల్లు వైపు స్థిరపడ్డారు. అదే గోదావరి డెల్టా మిషన్. కాటన్ వీళ్ళకి మిత్రుడు. వేల మంది కూలీలు ఒక్క చోట ఉన్న ధవళేశ్వరం బోధించడానికి అనువైన చోటని వేరే చెప్పక్కర్లేదు. ఆయన కింద పనిచేసిన హేగ్ అనే కుర్ర ఇంజనీర్, కోనసీమలో గన్నవరం అక్విడక్టు కట్టినవాడు, తర్వాత ఎగువ గోదావరి పనుల మీద దుమ్ముగూడెం వెళ్ళి అక్కడ కోయల మధ్య మిషన్ మొదలుపెట్టించాడు. అంటే జీతం సర్కారుది, పని నదిది, మనసు సువార్తది. ఒకే మనిషిలో మూడూ. ఆ కాలంలో ఎదుటివాడికి ఇవి వేర్వేరుగా కనపడ్డాయా? దొర చెప్పే దేవుడికీ దొర చేతిలో ఉన్న అధికారానికీ మధ్య గీత ఎక్కడో, ఒక కూలీ ఎలా తెలుసుకుంటాడు?

ఈ ప్రశ్న నాకంటే 170 ఏళ్ళ ముందే ఒక తెలుగాయన అడిగాడు. గాజుల లక్ష్మీనరసు శెట్టి, మద్రాసు వర్తకుడు. 1844లో క్రెసెంట్ అనే ఇంగ్లిష్ పత్రిక పెట్టాడు. అప్పటి మద్రాస్ గవర్నరు ట్వీడ్‌డేల్, ఆయనా ఎవాంజెలికలే, 1846లో సర్కారు బళ్ళలో బైబిల్ పాఠం పెట్టాలని ప్రతిపాదించాడు. గోదావరి ఆనకట్టకి అనుమతి వచ్చింది కూడా ఈ గవర్నరు హయాంలోనే, ఆ ఏడాదే. లక్ష్మీనరసు శెట్టి సభలు పెట్టి, సంతకాలు పోగుచేసి, లండన్ దాకా అర్జీ పంపించాడు. కంపెనీ డైరెక్టర్లు బైబిల్ ప్రతిపాదనని తిప్పికొట్టారు. కత్తి పట్టలేదు, ఎవరి గుడినీ తగలబెట్టలేదు. మీ నమ్మకం మీది, కానీ మా పన్నుతో నడిచే బడిలో మా పిల్లల మీద రుద్దడానికి వీల్లేదు. ఆ పోరాటం సారం నాకు తెలిసినంతలో ఇంతే. మన పాఠ్యపుస్తకాల్లో ఈయన గురించి ఒక్క ముక్క చదివిన గుర్తు నాకు లేదు.

అక్కడ ఆగిపోయి ఉంటే బావుండేది. పదకొండేళ్ళకి 1857 వచ్చింది.

ఆర్థర్ అన్నల్లో ఒకడు సిడ్నీ కాటన్. ఆ ఏడాది పెషావర్‌లో సైన్యానికి అధిపతి. అక్కడి కమిషనర్ హెర్బర్ట్ ఎడ్వర్డ్స్ పేరుమోసిన ఎవాంజెలికల్, ముందున్న అధికారి గొడవలొస్తాయని వద్దన్న మిషన్‌ని తాను వచ్చాక తానే అధ్యక్షత వహించి పెట్టించినవాడు. 1857 జూన్ 10న 55వ దళానికి చెందిన 40 మంది సిపాయిల్ని ఫిరంగి గొట్టాలకి కట్టి పేల్చేశారు. మిగతా సిపాయిలూ ఊరి జనమూ చూస్తుండగా, కవాతు మైదానంలో. అప్పటికి అయిదేళ్ళ కిందటే తమ్ముడు ధవళేశ్వరంలో ఆనకట్ట ముగించాడు. ఒకే తల్లి పిల్లలు.

సిడ్నీ మనసులో మతం ఎంత పనిచేసిందో నేను చెప్పలేను, ఆయన చేసింది సైనికుడి లెక్క కావచ్చు. అనుమానం లేని మనిషి ఇంకొకడున్నాడు, జేమ్స్ నీల్. మద్రాస్ ఫ్యూజిలియర్స్ అధిపతి, భక్తిపరుడు. మద్రాసు నుంచి ఓడ మీద వెళ్ళిన ఆ దళం జూన్‌లో కాశీ చేరింది. తర్వాత ప్రయాగ. ఆ రెండు క్షేత్రాల చుట్టూ ఊళ్ళు తగలబడ్డాయి, దొరికినవాణ్ణి దొరికినట్టు చెట్లకి ఉరితీశారు. కాన్పూర్‌లో జులై 15న తిరుగుబాటు పక్షం వాళ్ళు బీబీఘర్‌లో బందీలుగా ఉన్న దాదాపు 200 మంది తెల్ల ఆడవాళ్ళనీ పిల్లల్నీ నరికి చంపారు. అది ఘోరం, మన పక్షమని దాచాల్సింది కాదు. నీల్ వచ్చాక, ఉరి తీయబోయే ప్రతివాడూ ఆ ఇంటి నేల మీద ఎండిన నెత్తురు శుభ్రం చేయాలని ఆజ్ఞ వేశాడు, ఒప్పుకోనివాణ్ణి కొరడాతో కొట్టించాడు. నాకి శుభ్రం చేయించినవాళ్ళూ ఉన్నారు. చచ్చేముందు వాడి కులం, ధర్మం పోవాలి, పోయిందని తెలిసి చావాలి, అదీ ఉద్దేశం. ఇందులో దేవుడి చెయ్యి తనతో ఉందని నీల్ నమ్మాడు. సెప్టెంబరులో లక్నోలో చచ్చిపోయేదాకా నమ్మే ఉంటాడు.

చదువుతుంటే నన్ను ఆపేసింది క్రూరత్వం కాదు, యుద్ధంలో అది అన్ని వైపులా ఉంటుంది. తన మీద తనకి రవ్వంత అనుమానం లేకపోవడం, అదీ ఆపేసింది. ఇక ఇంగ్లండ్‌లో, అక్టోబరు 7న దేశమంతా ఉపవాస ప్రార్థన పెట్టారు. పాలన తగినంత క్రైస్తవంగా లేకపోవడం వల్లే దేవుడు ఈ తిరుగుబాటుతో శిక్షించాడని చాలా మంది ప్రసంగించారు. ఎడ్వర్డ్స్ లాంటివాళ్ళు ఇకపై ఇండియాలో ప్రభుత్వమే క్రైస్తవ ప్రభుత్వంగా నడవాలని వాదించారు. జరిగింది వేరు. 1858 నవంబరు 1న రాణి ప్రకటనలో మతం జోలికి పోమని రాసిచ్చారు. లక్ష్మీనరసు శెట్టి లాంటివాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అడిగింది అదే, అది రావడానికి ఇంత నెత్తురు కావాల్సొచ్చింది.

మా ఆఫీసులో అమెరికా టీమ్‌తో రోజూ కాల్స్ ఉంటాయి. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మీద పడ్డ గుంపులో శిలువలూ, యేసు పేరున్న జెండాలూ టీవీలో చూసినప్పుడు నాకు వింతగా అనిపించింది. ఇప్పుడు 1857 చదివాక ఆ వింత తగ్గింది. దానర్థం చర్చికి వెళ్ళేవాళ్ళంతా అలాంటివాళ్ళని కాదు. మా వీధి చివర చర్చిలో క్రిస్మస్ కేక్ తినకుండా నా బాల్యం గడవలేదు. దేవుడు మా ఎన్నికలో, మా సైన్యంలో, మా కుర్చీలో ఉన్నాడని ఒక గుంపు తీర్మానించుకుంటే ఏమవుతుందన్నదే సంగతి. ఆ గుంపు ఏ జెండా పట్టుకున్నా నేను భయపడతాను, మన జెండాతో సహా. ఇది రాసినందుకు కొంతమంది చిరాకు పడతారని తెలుసు.

మళ్ళీ కాటన్. 1861లో సర్ బిరుదు వచ్చింది. ఇంగ్లండ్‌లో విశ్రాంతిగా ఉండాల్సిన వయసులో ఆయన ప్రభుత్వంతో గొడవ పెట్టుకుంటూనే గడిపాడు. రైళ్ళ మీద కోట్లు పోస్తారు, కాలవల మీద పోయరు అని ఆయన పోరు. 1876-78 కరువులో దక్షిణాది లక్షల్లో చచ్చిపోతుంటే, వృద్ధాప్యంలో పార్లమెంటరీ కమిటీ ముందు కూర్చుని అదే వాదించాడు. సొంత ప్రభుత్వాన్ని తప్పుపట్టాడు. ఆయన లెక్కలన్నీ సరైనవి కావు. నాగపూర్ పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి తెచ్చే పథకం సగంలో మూలపడింది, అదీ లాంకషైర్ మిల్లుల కోసం అనుకున్నదే. కానీ జనం ఆకలితో చావడం దేవుడి ఇష్టమని ఆయన ఎప్పుడూ సరిపెట్టుకోలేదు. ఆ కాలపు భక్తులైన దొరల్లో అలా సరిపెట్టుకున్నవాళ్ళు తక్కువేం కాదు.

ఒక కొసమెరుపు. ఆయన కూతురు ఎలిజబెత్, పెళ్ళయ్యాక లేడీ హోప్, మంచి ఎవాంజెలికల్ ప్రసంగీకురాలు. తండ్రి జీవిత చరిత్ర 1900లో తెచ్చింది ఆవిడే, కాటన్ గురించి మనకి తెలిసిన చాలా సంగతులు అందులోవే. డార్విన్ చివరి రోజుల్లో బైబిల్ చదువుతూ తన సిద్ధాంతానికి పశ్చాత్తాపపడ్డాడన్న కథ 1915లో అమెరికా పత్రికలో వచ్చింది కదా, అది చెప్పిందీ ఆవిడే. డార్విన్ పిల్లలు అబద్ధమని ఖండించారు. ఇప్పటికీ ఆ కథ తిరుగుతూనే ఉంది. ఫ్యామిలీ గ్రూపుల్లో ఫార్వర్డులు చూసి విసుక్కునేవాళ్ళకి ఇది చెప్పాలనిపించింది. తండ్రి గురించి ఆవిడ రాసినదాన్ని కూడా కాస్త ఆచితూచే చదివాను.

కాటన్ 1899 జులై 24న డోర్కింగ్‌లో పోయాడు. తొంభై ఆరేళ్ళు. చివరిదాకా అదే నమ్మకం, మనం ఆయన దేవుణ్ణి పూజించాలనే కోరుకుని ఉంటాడు. మనం ఆయన్నే గూట్లో పెట్టి బొట్టు పెట్టామని తెలిస్తే ఆ ఎవాంజెలికల్ ప్రాణం ఎంత గిలగిల్లాడేదో! మామ్మ చేతిలో ఆయన మతం కాదు మారింది, ఆయనే మారిపోయాడు.

మద్రాసు మౌంట్ రోడ్డులో నీల్‌కి ఒక విగ్రహం ఉండేది. 1927లో దాన్ని తీసేయాలని సత్యాగ్రహం చేసి జైలుకెళ్ళారు, 1937లో రాజాజీ ప్రభుత్వం తీయించి మ్యూజియంకి పంపింది. అదే జనం, స్వాతంత్ర్యం వచ్చాక కూడా, గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహాలు పెడుతూనే ఉన్నారు. ఇద్దరూ ఒకే కంపెనీ, ఒకే మద్రాసు సైన్యం, ఒకే బైబిల్. ఎవర్ని దించాలో ఎవర్ని ఉంచాలో ఎవరూ వాళ్ళకి వీడియో చేసి చెప్పలేదు.

ఇదంతా తమ్ముడికి ఫోన్లో గంటసేపు చెప్పాను. కూలీల దగ్గర ప్రచారం సంగతి ఒప్పుకున్నానని వాడికి కాస్త గెలిచినట్టు అనిపించింది. నీల్ సంగతి వాడికి అస్సలు తెలీదు, లక్ష్మీనరసు శెట్టి పేరు రాసుకున్నాడు. ఫొటో మాత్రం దేవుడి గూట్లో వద్దని ఇంకా అంటాడు. ఈ ఒక్కదాంట్లో నేనూ వాడితో ఏకీభవించాను, వాడి కారణం వేరు, నాది వేరు. నాది ఏంటంటే, ఆయన ఒప్పుకోని పూజ ఆయనకి చేయడం నాకు సబబుగా అనిపించలేదు. శివరాత్రికి వెళ్ళినప్పుడు నేనే ఫొటో తుడిచి, హాల్లో తాతయ్య ఫొటో పక్కన మేకు కొట్టి తగిలించాను. మామ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున లేచి చూస్తే, దేవుడి దగ్గర దీపం పెట్టి, మిగిలిన రెండు బంతిపూలలో ఒకటి తాతయ్యకి, ఒకటి ఆయనకి పెట్టి ఉంది. బొట్టు కూడా.